పేరు లేని పొగ

2079 నాటికి పెళ్లి శుభలేఖల్లో ముహూర్తం కింద ఇంకో పంక్తి వచ్చి చేరింది. ‘ఈ శుభకార్యం వల్ల గాలిలో కలిసే కర్బనం: రెండు వందల పది కిలోలు’ అని. పూర్వం వియ్యాలవారు విస్తట్లో ఎన్ని రకాలు వడ్డించారో చెప్పుకుని మురిసేవారు. ఇప్పుడు ఎన్ని కిలోలు తగ్గించారో చెప్పుకుని మురుస్తున్నారు. మురవడం మాత్రం ఎవరూ తగ్గించలేదు, అది వేరే సంగతి.

రాజమహేంద్రవరంలో ఏ టిఫిన్ హోటల్లో కూర్చున్నా ఇడ్లీ ప్లేటు అంచున చిన్న అంకె వెలుగుతుంది, ఇన్ని గ్రాములు అని. ఆటో ఎక్కితే డ్రైవరు సీటు వెనక వెలుగుతుంది. పిల్లలు ఆ అంకెలు చూసే కూడికలు నేర్చుకుంటున్నారు. ఇంత ఊరికీ ఈ అంకెలు నమ్మకంగా చెప్పే యంత్రం పేరు ‘ఆనవాలు’. దాన్ని తయారుచేసిన మనిషి డాక్టర్ తోలేటి యశస్విని.

యశస్వినికి యాభై ఏడేళ్లు. తన యంత్రమంటే ఆమెకి గర్వం. అది లోపల దాచుకునే రకం గర్వం కూడా కాదు. “నా ఆనవాలు అబద్ధం చెప్పదు, ఎవరి మొహమాటానికీ పోదు” అని కూరగాయల కొట్టు దగ్గర కూడా చెప్పేది. చెప్పుకోదగ్గ పనే చేసింది కాబట్టి ఎవరూ విసుక్కునేవారు కాదు.

ఆమె రాకముందు కంపెనీల పొగలెక్క ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. నెలాఖరుకి ఒక్కో కార్ఖానా నుంచి కరెంటు బిల్లులూ గ్యాసు రసీదులూ పై ఆఫీసుకి వచ్చేవి. ఒకరు యూనిట్లలో రాసేవారు, ఒకరు సిలిండర్లలో రాసేవారు, ఇంకొకరు బిల్లు ఎలకలు కొట్టేశాయని ఉత్తరం పంపేవారు. అన్నీ కలిపి ఒక పెద్దమనిషి ఉజ్జాయింపుగా ఓ అంకె వేసి కింద సంతకం పెట్టేవాడు. పద్నాలుగు కార్ఖానాలుంటే పద్నాలుగు అబద్ధాలూ, వాటన్నిటినీ కలిపిన పెద్ద అబద్ధం ఒకటీ తయారయ్యేవి.

యశస్విని ‘జాడతంతువు’ కనిపెట్టింది. వెంట్రుక మందాన ఉండే గాజుదారం అది. కరెంటు తీగకో, గ్యాసు గొట్టానికో చుట్టేస్తే చాలు. ప్రతి మోటారుకీ తనదైన వణుకు ఉంటుంది, ప్రతి కొలిమికీ తనదైన వేడి ఉంటుంది. అలికిడి విని మన ఇంట్లో ఎవరు నడుస్తున్నారో మనం పోల్చుకున్నట్టే, ఏ యంత్రం ఏ క్షణంలో ఎంత శక్తి తాగిందో, దానివల్ల ఎంత కర్బన ఉద్గారం గాలిలో కలిసిందో తంతువు అక్కడికక్కడే పోల్చి చెప్పేస్తుంది.

ఇది ఆనవాలులో సగం మాత్రమే. మిగతా సగం ‘కారణగణకం’ అనే కంప్యూటర్. పొగ ఎంత వచ్చిందని కాదు, ఎవరివల్ల వచ్చిందని చెప్పడం దాని పని. పని రిజిస్టర్లూ, లారీల రాకపోకలూ, గేటు దగ్గర రాసిన పేర్లూ, ఎండా వానా అన్నీ ముందేసుకుని ఒక్కో కారణాన్నీ తీసి పక్కన పెడుతుంది. ఈ ఆర్డరు రాకపోతే ఈ పొగ వచ్చేదా? ఈ వాన పడకపోతే వచ్చేదా? దేన్ని తీసేస్తే పొగ మాయమవుతుందో అదే అసలు కారణం. “నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు చెప్పి ఊరుకున్నారు. ఆ నిప్పు పెట్టిందెవరో చెప్పేది నా యంత్రం” అనేది యశస్విని. ఈ రెండో సగాన్ని ఇంకా ఎవరూ వాడలేదు. దేశమంతా వాడాలా వద్దా అన్నది కర్బన హద్దుల మండలి తేల్చాలి.

మార్చి ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం మేఘావళి పరిశ్రమల ముఖ్య నిర్వాహకుడు ఋత్విక్ ఆమె ప్రయోగశాలకి వచ్చాడు. తీరం వెంబడి ఆ కంపెనీకి పద్నాలుగు ఆవరణలు: పెంకుల బట్టీ, గాజు కొలిమి, ఉప్పు మళ్లు, శీతల గిడ్డంగులు, ఇంకా ఏవేవో. అన్నిటికీ తంతువులు చుట్టింది యశస్వినే.

“నలభై ఒక్క టన్నులు మేడమ్” అన్నాడు కూర్చోకుండానే. “అన్ని చోట్లా కలిపి ఈ ఏడాది హద్దు దాటింది అంత. సరిగ్గా అంత పొగకీ పేరు లేదు. ఆర్డరు లేదు, సరుకు లేదు, లారీ కదల్లేదు. కానీ యంత్రాలు తిరిగాయి, పొగ వచ్చింది.”

చట్టం కఠినమైనది. కంపెనీ మొత్తానికి ఒకటే హద్దు. దాటిన పొగకి కారకుడెవరో తేలితే శిక్ష ఆ మనిషికి పడుతుంది. మూడేళ్లపాటు ఏ కార్ఖానా గేటూ దాటి లోపల అడుగు పెట్టకూడదు. ఎవరో తేలకపోతే, పేరు లేని పొగ ఎక్కడ ఎక్కువ ఉందో ఆ ఆవరణనే శాశ్వతంగా మూసేస్తారు.

“ఎక్కడ ఎక్కువుంది?” అని అడిగింది యశస్విని.

“పెదలంకపాడు పెంకుల బట్టీలో. తొమ్మిది టన్నులు.”

ఆ పేరు ఆమె మర్చిపోగలిగేది కాదు. ఎండలు ముదిరాక జనం కాంక్రీటు కప్పుల మీద మళ్లీ పెంకులు నేయించుకుంటున్న కాలం. పెదలంకపాడు పెంకుకి పేరుంది. రెండు వందల అరవై కుటుంబాలు ఆ బట్టీ మీదే బతుకుతున్నాయి. పైగా పద్దెనిమిదేళ్ల కిందట ప్రపంచంలో మొట్టమొదటి జాడతంతువు చుట్టింది ఆ బట్టీకే. మిగతా కంపెనీలన్నీ ‘ఈ గాజుదారమేమిటి, ఈ గోలేమిటి’ అని గేటు బయట నిలబెడితే, లోపలికి రండని పిలిచింది వాళ్లే.

“ఎల్లుండి మండలి విచారణ. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీ కారణగణకం పట్టగలదా?” అన్నాడు ఋత్విక్.

“ఈశ్వరుడికి మొహమాటం ఉందేమో ఋత్విక్ గారూ. నా యంత్రానికి లేదు” అంది ఆమె.

ఆ మాట అన్న గంటకే కారణగణకం చేతులెత్తేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ‘కారణం దొరకలేదు’.

“దొరకలేదంటే ఏమిటి నీ ఉద్దేశం?” అని యంత్రం మీద కసిరింది యశస్విని. “ఆర్డర్లు చూశావా?”

“చూశాను మేడమ్” అంది ఆనవాలు. రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతులాంటి గొంతు దానిది, కోపం తాపం లేకుండా. “వాతావరణం చూశాను. మరమ్మతులు చూశాను. గేటు రిజిస్టర్లో ఉన్న పేర్లన్నీ చూశాను. ఒక్క పేరు తప్ప.”

“ఎందుకు తప్ప?”

“ఆ పేరు జోలికి వెళ్లకూడదని నియమం ఉంది. ‘కొలిచేవాళ్లని కొలతలో కలపకూడదు.’ మొదటి పేజీలో మొదటి నియమం. రాసింది మీరే.”

నిజమే. కొలతల శాస్త్రం చదివిన ఎవరైనా అదే రాస్తారు. త్రాసు తన బరువు తాను తూచుకోదు కదా.

“ఆ పేరు...” అంటూ ఆగిపోయింది యశస్విని. వాక్యం పూర్తిచేయాల్సిన అవసరం కనిపించలేదు.

“మీదే మేడమ్. నియమం తీసేస్తే వెతుకుతాను.”

 ఆమె ఆ నియమాన్ని తీసేసింది. యంత్రానికి నాలుగు సెకన్లు పట్టింది.

“నలభై ఒక్క టన్నులకీ కారణం దొరికింది. ఏడాదిలో మీరు పద్నాలుగు ఆవరణలకీ రెండేసి సార్లు వెళ్లారు. పేరు లేని పొగ ప్రతిచోటా మీరు రావడానికి రెండు మూడు రోజుల ముందు మొదలై, మీరు వెళ్లిన సాయంత్రానికి ఆగిపోయింది. మీరు రాకపోతే ఆ పొగ లేదు.”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కానీ యశస్విని అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు.

“నేనేం చేశాను? భుజాన సంచీ తగిలించుకుని వెళ్తాను, తంతువులు సరిచూస్తాను, వచ్చేస్తాను. నేను తాగే రెండు కప్పుల కాఫీకి నలభై ఒక్క టన్నులా?”

“మీరేం చేశారో నాకు తెలియదు మేడమ్. మీరు వచ్చారని తెలుసు.”

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. కిందటి వేసవిలో శీతల గిడ్డంగి వాళ్లు సమావేశం ఒక ఖాళీ గిడ్డంగిలో పెట్టారు. మేడంగారికి ఉక్కపోస్తుందని రెండు రోజుల ముందునుంచే దాన్ని చల్లబరిచారు కాబోలు, ఆమెకి వారం రోజులు జలుబు వదల్లేదు. ఉప్పు మళ్ల దగ్గర ఆమె చూసిన రోజున మళ్లన్నీ అంచులదాకా నిండి అద్దాల్లా మెరిసిపోతున్నాయి. ‘ఎంత శుభ్రంగా ఉంచారండీ’ అని మైకులో మెచ్చుకుంది కూడా. ఆ నీళ్లు పంపులు పెట్టి తోడించి నింపినవని ఇప్పుడు తట్టింది. ఇంతకీ ఆ మైకుకి కరెంటు ఎక్కడిది?

కానీ తొమ్మిది టన్నులు ఏమిటో ఎంత ఆలోచించినా తెలియలేదు. మర్నాడు పొద్దున్నే, జీవితంలో మొదటిసారి ముందు కబురు చేయకుండా, బస్సెక్కి పెదలంకపాడు వెళ్లింది.

బట్టీ మేస్త్రి పినిశెట్టి లోహిత్ ఆమెని గేటు దగ్గర చూసి హడలిపోయాడు. “అయ్యయ్యో! కబురైనా చేయకుండా వచ్చేశారేటండీ బాబూ! బస్సులోనా? ఆ ఎండలో నడిచా? ఒక్క అరగంట కూర్చోండి, కుర్రాళ్లని పిలిచి...”

“ఎవర్నీ పిలవొద్దు” అంది యశస్విని. “ఏదీ తిప్పొద్దు, ఏదీ వెలిగించొద్దు. ఇలా నీడలో కూర్చోండి. ఒక్క సంగతి చెప్పండి మేస్త్రిగారూ. కిందటి మే పన్నెండున బట్టీ ఎందుకు వెలిగించారు? అప్పుడు మరమ్మతుకని చల్లార్చి ఉంచారు కదా. ఒక్క పెంకు కూడా బయటికి పోలేదు.”

“ఏదోలెండి. ఇప్పుడదంతా దేనికండి? కొబ్బరినీళ్లు తాగుతారా?”

“రేపు విచారణ. మీ బట్టీ మూసేస్తారు. తెలుసా?”

“తెలుసండి.”

“తెలిసీ చెప్పరా?”

లోహిత్ నేలకేసి చూస్తూ మట్టిలో కాలి బొటనవేలితో గీతలు గీశాడు. యాభై దాటిన మనిషి, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా ఉన్నాడు.

“మీరొత్తున్నారని పేరు పలక చేయించామండి” అన్నాడు చివరికి. “అచ్చంగా గోదారి మట్టి, పైన నీలం పూత. ఆ నీలం చిన్న పొయ్యిలో రాదండి, బట్టీ వేడే కావాలి. చల్లారిపోయిన బట్టీ కదండి, ఓ మూల వెలిగిత్తే సరిపోదు, మొత్తం రాజెయ్యాలి. రాజేశాం. తీరా చూత్తే పలక బీట కొట్టేసింది. మీ పేరు మీద బీటుంటే మాకు మనసెలా ఒప్పుద్దండీ? అందుకని మళ్లీ చేసి, మళ్లీ కాల్చాం.”

 ఆ పలక యశస్విని ఇంటి గేటు పక్కన గోడకి ఉంది. ‘డాక్టర్ తోలేటి యశస్విని, ఆనవాలు నిర్మాత’. ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ గేటు దగ్గరే నిలబెట్టి, ఆ నీలం చూశారా, ఎక్కడా దొరకదు అని పది నెలలుగా చూపిస్తోంది. గోడమీద తొమ్మిది టన్నులు వేలాడుతున్నాయని ఆమెకేం తెలుసు!

“ఈ ముక్క ముందే చెప్పి ఉంటే బట్టీ జోలికి ఎవరూ వచ్చేవారు కాదు కదయ్యా!” అంది, కోపమో దుఃఖమో తెలియని గొంతుతో.

“ఎలా చెప్తామండీ?” లోహిత్ మొదటిసారి తలెత్తి సూటిగా చూశాడు. “ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టి, మీ విస్తరికి ఇంతయ్యిందండీ అని చెప్తామా? చేసిన మర్యాద చెప్పుకుంటే అది మర్యాదేనాండి? బట్టీ పోతే ఇంకో పని ఎతుక్కుంటాం. మా మూలంగా మీకు మాటొచ్చిందంటే ఏం చేత్తాం? ఆ దారం మొదట మా బట్టీకే చుట్టారు మీరు. ఇవాళ ఊరూరా మీ పేరు చెప్పుకుంటన్నారు. మాకు మాత్రం గర్వముండదేటండి?”

ఆమెకి సిగ్గేసింది. మనిషి వచ్చేది పొగ కొలవడానికి. ఆ మనిషి వస్తోందని సంబరపడి వీళ్లు పొగ పుట్టించారు. పుట్టించి, నోరు విప్పకుండా పొట్ట కొట్టించుకోవడానికి సిద్ధపడ్డారు. సిగ్గుతో పాటే, నిజం చెప్పాలంటే, ఆమె ఛాతీ కాస్త పొంగింది కూడా. ఆ పొంగు తెలిసి ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

సాయంత్రం ఋత్విక్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. 

“మేడమ్, మీరు ఆ నియమం మళ్లీ పెట్టేయండి” అన్నాడతను. “ఎవరూ తప్పు పట్టరు. పుస్తకాల్లో ఉన్న నియమమే కదా. మూడేళ్లు మీరు ఏ కార్ఖానాలోకీ వెళ్లలేకపోతే ఎలా? మీ చేతుల్తో చుట్టిన తంతువులు వేరేవాళ్లు సరిచూస్తారా? పెదలంకపాడు పాత బట్టీ. ఇవాళ కాకపోతే ఇంకో నాలుగేళ్లకైనా...”

యశస్విని కూడా ఆ సంగతి ఆలోచించకపోలేదు. బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచించింది. ఒక్క పంక్తి తిరిగి రాస్తే చాలు. తంతువు చుట్టేటప్పుడు గాజు వేళ్లకి తగిలే ఆ చల్లదనం లేకుండా మూడేళ్లు ఎలా గడపాలో ఆమెకి నిజంగా తెలియదు. పద్దెనిమిదేళ్లుగా ఆమెకి ఇంకో పని లేదు, ఇంకో సంబరం లేదు.

“ఆ నియమం మళ్లీ పెడితే అది నా యంత్రం కాదు ఋత్విక్ గారూ, నా మొహమాటం” అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం మండలి సభ నిండిపోయింది. పెదలంకపాడు నుంచి యాభై మంది దాకా వచ్చి వెనక గోడవారగా నిలబడ్డారు. పేరు లేని పొగకి కారకులెవరని అధ్యక్షురాలు అడిగింది. ఆనవాలు తేదీలు చదివింది, ఆవరణల పేర్లు చదివింది, టన్నులు చదివింది. చివర్లో, అదే రైల్వే గొంతుతో, “కారకులు: డాక్టర్ తోలేటి యశస్విని” అంది.

సభలో గుసగుసలు లేచాయి. అధ్యక్షురాలు కళ్లజోడు తీసి, “ఇది యంత్రం చేసిన పొరపాటా డాక్టరుగారూ?” అని అడిగింది.

యశస్విని లేచి నిలబడింది. 

“కాదండి. ఈ యంత్రం ఇన్నేళ్లలో చేసిన పనులన్నిట్లోకీ ఇదే సరైనది. నేను వస్తున్నానంటే గిడ్డంగి చల్లబరిచారు, మళ్లు నింపారు, ఆరిన బట్టీ రాజేశారు. వాళ్లు చేశారు, నేను మురిసిపోయాను. ఒక్కసారైనా ‘ఇదంతా ఎందుకు’ అని అడగలేదు. లోకంలో ప్రతి పొగకీ కారణం అడిగినదాన్ని, నాకు వేసిన పందిరికి కారణం అడగలేదు. పేరు తేలింది కాబట్టి బట్టీ జోలికి పోకండి. శిక్ష నాది.”

వెనకనుంచి లోహిత్ “అలా అనకండి మేడంగారూ!” అని అరిచాడు. పక్కవాళ్లు భుజం పట్టుకుని ఆపారు. అతని కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి.

మండలి గంటసేపు లోపల కూర్చుని బయటికి వచ్చి తీర్పు చదివింది. పెదలంకపాడు బట్టీ నడుస్తుంది. యశస్విని మూడేళ్లపాటు ఏ కార్ఖానా గేటూ దాటకూడదు. ఆఖరున అధ్యక్షురాలు కాగితం పక్కన పెట్టి, చట్టంలో లేని మాటొకటి తనంతట తాను చెప్పింది: “చేసిన మనిషినే విడిచిపెట్టని యంత్రాన్ని ఎవరైనా నమ్మొచ్చు. ఏప్రిల్ ఒకటి నుంచి దేశంలోని ప్రతి సంస్థకీ, కారణగణకంతో సహా, ఆనవాలే కొలమానం.”

చప్పట్లతో సభ దద్దరిల్లింది. బట్టీ వాళ్లు ఈలలు కూడా వేశారు. యశస్విని పుట్టి బుద్ధెరిగాక అంత గర్వపడిన క్షణం ఇంకోటి లేదు. శిక్షపడిన మనిషి అంత తలెత్తుకుని బయటికి నడవడం ఆ భవనం కూడా ఎన్నడూ చూసి ఉండదు.

వరండాలో ఋత్విక్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. మనిషి ఉద్వేగంతో ఊగిపోతున్నాడు.

“మేడమ్, పద్నాలుగు ఆవరణల వాళ్లూ ఒకటే మాట! మీరు వాళ్ల దగ్గరికి రాకూడదు, సరే. వాళ్లే వస్తారట. వచ్చే ఆదివారం గోదావరి గట్టున సన్మానం. బస్సులు మాట్లాడేశారు. రెండు వేల మందికి భోజనాలు, షామియానాలు, మీ బొమ్మతో నలభై అడుగుల ఫ్లెక్సీ...”

“బుద్ధుందా మీకెవరికైనా?” అని ఒక్క కేక వేసింది యశస్విని. “లోపల ఇంతసేపూ చెప్పిందేమిటి? ఆనవాలూ, ఈ సన్మానానికి ఎంతవుతుంది?”

“పదిహేడు టన్నులు మేడమ్” అంది ఆమె సంచీలోని ఫోన్లోంచి ఆనవాలు. “కారకులు: మీరు.”

“విన్నారా? వద్దని చెప్పండి. ఖచ్చితంగా వద్దని చెప్పండి.”

ఋత్విక్ మొహం వేలాడేసుకుని వెళ్లిపోయాడు. యశస్విని వరండా వెంట నడిచింది. లోపల చప్పట్లు ఇంకా ఆగలేదు. ఎవరో ఆమె పేరు పెట్టి జేజేలు పలుకుతున్నారు. నాలుగడుగులు వేసింది. నడక నెమ్మదించింది. ఇంకో రెండడుగులు వేసి ఆగింది.

“ఆనవాలూ.”

“చెప్పండి మేడమ్.”

“షామియానా వద్దు. భోజనాలు వద్దు. ఫ్లెక్సీ అసలే వద్దు. ఉత్త శాలువా. అదొక్కటే అయితే ఎంతవుతుంది?”

“శాలువాకి పెద్దగా ఏమీ ఉండదు మేడమ్. కప్పడానికి వచ్చేవాళ్ల ప్రయాణమే లెక్క. ఎంతమంది రావాలి?”

యశస్విని వెనక్కి తిరిగి చూసింది. వరండాలో ఎవరూ లేరు.

“పద్నాలుగు మంది” అంది మెల్లగా. “ఆవరణకి ఒక్కరు చొప్పున.”